ఉపగ్రహ పటాలు - పశు రోగాలపై ముందు హెచ్చరిక

పద్మారావు నగర్ వంటి పట్టణ వాడల్లో తెల్లవారేసరికి గడప చేరే పాలు ఎక్కడో ఒక పల్లెలో మన సభ్యుల పశువులు ఇచ్చినవే. పశువుకు జబ్బు చేస్తే ముందు పాలు తగ్గుతాయి, వెంటనే ఇంటి రాబడి పడిపోతుంది. జబ్బు వచ్చాక మందు కోసం పరుగెత్తడం మనకు అలవాటే. ఏ ప్రాంతంలో, ఏ కాలంలో జబ్బు రావచ్చునో ముందుగా తెలుసుకోవడానికి ఇప్పుడు ఉపగ్రహ పటాలు తోడ్పడుతున్నాయి. అది ఎలాగో ఈ పాఠంలో తెలుసుకుందాం.

రోగానికీ ఒక నెలవు ఉంది

పద్మారావు నగర్‌కు కొద్ది కిలోమీటర్ల దూరంలోని బేగంపేటలో 1897 ఆగస్టు 20న రోనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని చూశాడు. మలేరియాకు దోమ కావాలి, దోమకు నిలవ నీరు కావాలి. అంటే నీరు నిలిచే చోటు తెలిస్తే జ్వరం వచ్చే చోటు తెలిసినట్లే.

పశువుల జబ్బులూ ఇలాంటివే. కార్జపు జలగ గుడ్లు పేడతో చెరువులో చేరుతాయి. వాటి పిల్లలు నత్తలో పెరిగి, బయటికి వచ్చి గట్టునున్న గడ్డిని అంటుకుంటాయి. ఆ గడ్డి మేసిన పశువు చిక్కిపోతుంది, దవడ కింద నీరు దిగుతుంది. దొమ్మ రోగపు క్రిమి మట్టిలో ఏళ్ల తరబడి బ్రతికి ఉంటుంది. గొంతువాపు వానలు పడగానే విజృంభిస్తుంది.

ఉపగ్రహం ఏమి చూస్తుంది?

ఉపగ్రహానికి నత్త కనిపించదు, క్రిమి అసలే కనిపించదు. అది చూసేది వాటి నెలవును. పచ్చని మొక్క ఎరుపు కాంతిని పీల్చుకొని, మన కంటికి కనిపించని పరారుణ కాంతిని తిప్పి పంపుతుంది. నీరు ఆ పరారుణ కాంతిని మింగివేసి పటంలో నల్లగా కనిపిస్తుంది. ఈ తేడాను బట్టి పచ్చిక ఎక్కడ పెరిగిందో, చెరువు ఎంత మేర నిండిందో తెలుస్తుంది.

ఈ పనికి మన జంట నగరాలే కేంద్రం. జాతీయ రిమోట్ సెన్సింగ్ సంస్థ 1974లో ఏర్పడింది. షాద్‌నగర్‌లో 1979లో నెలకొల్పిన కేంద్రం ఉపగ్రహాల సమాచారాన్ని అందుకుంటున్నది. మన సొంత ఉపగ్రహం ఐఆర్ఎస్-1ఎ 1988 మార్చి 17న నింగికెగసింది. వానాకాలపు మబ్బుల గుండా కూడా నేలను చూడగల రాడార్ ఉపగ్రహం రీశాట్-1 2012లో వచ్చింది.

ఫలితం దక్కిన ఒక ఉదాహరణ

తూర్పు ఆఫ్రికాలో రిఫ్ట్ లోయ జ్వరం దోమల ద్వారా పశువులకు, మనుషులకు సోకుతుంది. సముద్రపు వేడిమి, వానలు, పచ్చదనం ఉపగ్రహాలతో గమనించిన శాస్త్రజ్ఞులు 2006 సెప్టెంబరులో హెచ్చరించారు. డిసెంబరులో కెన్యాలో జబ్బు బయటపడింది. హెచ్చరిక నిజమైంది. అయితే జబ్బు బయటపడేలోగా పశువులకు టీకాలు వేయకపోతే ఎంత మంచి హెచ్చరికైనా కాగితం మీదనే ఉండిపోతుంది.

మన దేశంలో బెంగుళూరులోని నివేది సంస్థ పాత రోగాల లెక్కలను, వానను, వేడిమిని, ఉపగ్రహం చూపే పచ్చదనాన్ని కలిపి చూసి, ఏ జిల్లాకు ఏ జబ్బు ముప్పు ఉన్నదో రెండు నెలల ముందుగా తెలుపుతున్నది.

సంఘాలు చేయవలసినవి

పై లెక్కలో "పాత రోగాల లెక్క" మన ఊళ్ల నుండే వెళ్లాలి. పశువు చనిపోయిన సంగతి దాచిపెడితే పటంలో మన ఊరు క్షేమంగా కనిపిస్తుంది, పక్క ఊరి పశువుకు టీకా అందదు. కనుక:

1. జబ్బు పడిన, చనిపోయిన పశువుల వివరాలు తేదీతో సహా సంఘం పుస్తకంలో వ్రాసి, వెంటనే పశువైద్యశాలకు తెలపాలి.

2. ముక్కు నుండి, మలద్వారం నుండి గడ్డకట్టని నల్లని నెత్తురు కారి హఠాత్తుగా చనిపోయిన పశువును కోయరాదు, చర్మం ఒలువరాదు. డాక్టరుగారు చెప్పిన ప్రకారం లోతైన గోతిలో సున్నం వేసి పూడ్చాలి.

3. గొంతువాపు, జబ్బవాపు టీకాలు తొలకరికి ముందే వేయించాలి.

4. చెరువు గట్టున బురద నేలల్లో మేపరాదు. తొట్టిలో మంచి నీరు పెట్టాలి. నట్టల మందు డాక్టరుగారి సలహాపై త్రాగించాలి.

ఉపగ్రహం జిల్లాను చూస్తుంది, కొట్టాన్ని చూడవలసిన వారం మనమే. ఈ రెండు చూపులూ కలిసినప్పుడే పాడి నిలుస్తుంది.