ఉగాది దాకా ఆగు

ధవళేశ్వరం

అల్లుడూ,

పెరట్లో వేపచెట్టు ఎండిపోయింది, మేడ పని మొదలెట్టేలోపు కొట్టించెయ్యి మావయ్యా అని ఫోన్లో అన్నావు. మేస్త్రీ కూడా "మన స్థలం, మన చెట్టు, అడిగేదెవరండీ" అంటున్నాడు. అడిగేవాళ్లున్నార్రా. 2002 నాటి వాల్టా చట్టం బోర్లకే అనుకుంటారు చాలామంది. చెట్ల సంగతీ అందులోనే ఉంది. పట్టా నీదైనా సరే, ముందు అనుమతి తీసుకునే కొట్టాలి. సరుగుడు, సుబాబుల్, జామాయిల్ లాంటి తోటల పద్ధతి వేరు. వాటిని చూసి వేపకీ అంతే అనుకోకు. ఉత్తరప్రదేశ్‌లో మథుర దగ్గర ఒకాయన చాలావరకు సొంత స్థలంలోనే ఉన్న 454 చెట్లు అనుమతి లేకుండా నరికిస్తే, 2025 మార్చిలో సుప్రీంకోర్టు చెట్టుకి లక్ష రూపాయల చొప్పున కట్టమంది.

చచ్చిన చెట్టుకీ, తెగులు ముదిరినదానికీ, మనుషుల మీదో ఇంటి మీదో పడేలా ఉన్నదానికీ చట్టం అడ్డు చెప్పదు. కానీ చచ్చిందని తేల్చాల్సింది మేస్త్రీ కాదు. నిన్న వెళ్లి చూశాను. చిటారు కొమ్మలు గోధుమరంగుకి తిరిగాయి, నిజమే. మొదలు దగ్గర గోటితో బెరడు గీరితే లోపల పచ్చగా, తడిగా ఉంది. 2021లో రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ వేపలు ఇలాగే పైనుంచి ఎండుతూ వచ్చాయి, గుర్తుందా? అది శిలీంధ్రం తెగులు. వానల్లో మొదలై చలికి ముదిరింది. ఎండలు వచ్చేసరికి చాలా చెట్లు మళ్లీ చిగిర్చాయి. ఈలోపు తొందరపడి కొట్టేసుకున్న వాళ్లని తలుచుకుంటే ఇప్పటికీ బాధే.

కొవ్వూరు దగ్గర కుమారదేవంలో సినిమాచెట్టు అని నిద్రగన్నేరు ఉంది కదా, నూటయాభై ఏళ్లది. 2024 ఆగస్టులో గోదావరి గట్టున కూలిపోతే అందరూ కన్నీళ్లు పెట్టుకున్నారు. కొమ్మలు కోసి, మందులు పెట్టి చూసుకుంటే దానికీ చిగుళ్లొచ్చాయి. కూలిన చెట్టే బతికితే, నిలబడి ఉన్నదాన్ని మనం కొట్టడమేంటి?

అందుకని ఉగాది దాకా ఆగు. ఈలోగా ఎండిన కొమ్మలు మాత్రం తీయిద్దాం. గొడ్డలి వద్దు, రంపమే. లావుపాటి కొమ్మకి ముందు మొదలుకి జానెడు ఎడంగా కిందనుంచి సగం కోత పెట్టాలి. తర్వాత దానికి కాస్త అవతల పైనుంచి కోస్తే, పడేటప్పుడు బెరడు మాను దాకా చీలిపోదు. మిగిలిన మోడుని కొమ్మ పుట్టిన ఉబ్బు దగ్గర, ఉబ్బు తెగకుండా కోసి, బోర్డో పేస్టు రాయాలి. తీసిన పుల్లలు తగలబెట్టెయ్యాలి. కరెంటు తీగవైపు కొమ్మ జోలికి మనం వెళ్లొద్దు, లైన్‌మన్‌కి చెప్పి సప్లై ఆపించాకే.

ఉగాదికి పూత, చిగురు రాకపోతే రాజమండ్రిలో అటవీశాఖ రేంజి ఆఫీసుకి నేనే వెళ్తాను. దస్తావేజు జిరాక్సు, ఇంటి పన్ను రసీదు, చెట్టు ఫోటోలు పంపించు. సర్పంచిగారి నోటిమాట చాలదు, కాగితం చేతికి రావాలి. వాళ్లు వచ్చి చుట్టుకొలత తీసుకుంటారు. కలప ఇంటికి వాడుకుంటావో అమ్ముతావో ముందే చెప్పు. బండి ఎక్కించాలంటే రవాణా పర్మిట్ కావాలేమో దాంతోపాటే అడిగేస్తాను.

మేడ ప్లాను కూడా ఒకసారి పంపు. మెట్లు పడమటివైపుకి జరిపితే చెట్టు జోలికి పోనక్కర్లేదని నాకు అనిపిస్తోంది. మేస్త్రీతో ఆదివారం మాట్లాడతాను.

ఇట్లు,
మీ మావయ్య