పుట్టిన నెల రాయి, అరకు పూసల దండ

చెల్లీ,

అరకు వెళ్ళి పూసల దండ కొనకుండా తిరిగొచ్చిన ఆడపిల్లను నేనింతవరకూ చూడలేదు. గిరిజన మ్యూజియం చుట్టూ, బొర్రా గుహల ముందు కొట్లలో రంగురంగుల దండలు వేలాడుతుంటే కాళ్ళు ముందుకు ఎలా సాగుతాయి? నీకూ అంతే అయింది. పైగా పాప జూన్‌లో పుట్టింది కదా, దాని పుట్టిన నెల రాయి మధ్యలో గుచ్చి, అక్కడే కొట్లో కూర్చుని నీ చేత్తో దండ కూర్చాలనుకుంటున్నావు. ఆ ఆలోచన నాకు ఎంతో నచ్చింది. అందుకే నాకు తెలిసిందంతా చెబుతాను, విను.

ముందు ఈ నెల రాళ్ళ సంగతి. జనవరికి గార్నెట్, ఫిబ్రవరికి అమెథిస్ట్ అంటూ ఇప్పుడు కొట్లలో చూపించే పట్టీకి మూలం 1912లో అమెరికా నగల వ్యాపారుల సంఘం తయారుచేసిన జాబితా. మన నవరత్నాల లెక్క నెలలది కాదు, గ్రహాలది. సూర్యుడికి కెంపు, చంద్రుడికి ముత్యం, కుజుడికి పగడం, అలా వెళ్తుంది. రెండూ వేర్వేరు దారులు. కాబట్టి ఫలానా నెలవాళ్ళు ఫలానా రాయి పెట్టుకోకపోతే కీడు అని ఎవరైనా అంటే బెంగపడకు. పుట్టినరోజు గుర్తుగా, ప్రేమతో పెట్టు. భయంతో మాత్రం పెట్టకు.

ఇంకో సంగతి తెలుసా? అరకు చుట్టూ ఉన్న కొండలే ఒక నెల రాయిని మోస్తున్నాయి. తూర్పు కనుమల్లో ఎక్కువగా కనిపించే శిల ఖోండలైట్. ఈ కొండల్లో బతికే ఖోండ్ గిరిజనుల పేరే 1902లో వాకర్ అనే భూగర్భ శాస్త్రవేత్త దానికి పెట్టాడు. రోడ్డు కోసం తొలిచిన కొండ పక్కన ఆగి చూడు, రాతిలో ముదురెరుపు చుక్కలు కనిపిస్తాయి. అవి గార్నెట్లే. వాన నీటితో కొట్టుకుపోయి భీమిలి తీరం ఇసుకలో కూడా కలుస్తాయి. చాలావరకు పగుళ్ళతో ఉంటాయి కనుక నగకు పనికిరావు. మన గోమేధికం కూడా గార్నెట్ జాతిదే.

ఇక నీ పాప నెల. జూన్‌కు ముత్యం, మూన్‌స్టోన్, అలెగ్జాండ్రైట్ అని మూడు చెబుతారు. అలెగ్జాండ్రైట్ పగటి వెలుతురులో ఆకుపచ్చగా, దీపం వెలుగులో ఎర్రగా కనిపించే అరుదైన రాయి. వైడూర్యం జాతిదే. అది మన మన్యంలోనే ఉంది, బాధ కూడా అక్కడే ఉంది. చింతపల్లి, గూడెం కొత్తవీధి అడవుల్లో, గొలుగొండ వైపు కరక కొండల్లో రంగురాళ్ళ కోసం దొంగచాటుగా సొరంగాలు తవ్వారు. మట్టిపెళ్ళలు విరిగిపడి కూలికి వెళ్ళినవాళ్ళు ప్రాణాలు పోగొట్టుకున్నారు. లాభం దళారీలది, చావు కూలివాళ్ళది. ఎవరైనా చాటుగా పొట్లం విప్పి 'ఏజెన్సీ రాయి, చవగ్గా ఇస్తా' అంటే ముట్టుకోవద్దు. ఈ నేల కోసం ఇక్కడివాళ్ళు చాలా పోరాడారు. అనంతగిరి మండలంలో బొర్రా పరిసరాల గనుల లీజుల మీద సమత అనే సంస్థ కోర్టుకెక్కితే, షెడ్యూల్డ్ ప్రాంతాల్లో గిరిజనేతరులకు గనుల లీజులు చెల్లవని 1997లో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది.

అందుకని పాపకు ముత్యమే పెట్టు. ముత్యాలకు హైదరాబాద్ ఉండనే ఉంది. చెరువుల్లో పెంచిన మంచినీటి ముత్యమైతే అందరికీ అందుబాటు ధర. పంటి అంచుకు మెల్లగా రాసి చూడు. అసలుది కాస్త గరగరలాడుతుంది, ప్లాస్టిక్‌ది జారిపోతుంది.

ముత్యానికి జతగా ఏ పూసలు? గాజు పూసలు తీసుకో. శ్రీకాళహస్తి దగ్గరి పాపానాయుడుపేటలో వీటిని తయారుచేసే పాత పద్ధతి ఒకటుంది. కరిగిన గాజును బోలు గొట్టంలా సన్నగా లాగి, చిన్న చిన్న ముక్కలుగా నరికి, బూడిదలో కలిపి మళ్ళీ కాల్చి అంచులు గుండ్రం చేస్తారు. అమెరికాకు చెందిన పీటర్ ఫ్రాన్సిస్ అనే పూసల పరిశోధకుడు ఆ ఊరి పనిని పరిశీలించి రాశాడు. ఈ పద్ధతిలో చేసిన పూసలు ప్రాచీన కాలంలోనే సముద్రాలు దాటి ఆఫ్రికా దాకా, తూర్పు ఆసియా దాకా వెళ్ళాయి. మన పెళ్ళిళ్ళలో నల్లపూసలెంతో మన్యంలో పూసలంతే. సరిహద్దు అవతల మల్కనగిరి కొండల్లో బోండా ఆడవాళ్ళ ఒంటిని కప్పేవి దండలకు దండలు పూసలే. గదబ ఆడవాళ్ళు మెడకు లోహపు కంటెలు, చెవులకు పెద్ద పెద్ద రింగులు పెట్టుకునేవాళ్ళు.

ఒక్క విషయంలో మాత్రం నా మాట తప్పకుండా విను. కొట్లలో ఎర్రగా, నల్లటి మచ్చతో గురివింద గింజల దండలు ముద్దొస్తుంటాయి. ఒకప్పుడు కంసాలులు బంగారం తూచింది ఆ గింజతోనే. కానీ లోపలి పప్పులో అబ్రిన్ అనే కటిక విషం ఉంది. దండ కోసం రంధ్రం చేస్తే పైపెంకు కాపలా పోతుంది. చిన్నపిల్లల మెడలో గురివింద దండ వెయ్యనే వెయ్యకు. ఆ ఎరుపే కావాలంటే ఏటికొప్పాక లక్కపూసలు అడుగు. అంకుడు కర్రతో చేసి, చెట్ల రంగులు అద్దినవి చూసి తీసుకో.

ఇప్పుడు కూర్చే పని. పళ్ళెంలో మెత్తటి గుడ్డ పరిచి పూసలు పోసుకో, దొర్లిపోవు. ముందు ముత్యాన్ని మధ్యలో పెట్టి, రెండు వైపులా వరస సరిచూసుకుని, ఆ తర్వాతే గుచ్చడం మొదలుపెట్టు. గాజు పూసలకు గేర్ వైరు గట్టిది, చివర గేర్ లాక్ పెట్టి పటకారుతో నొక్కాలి. ఒక్క ముత్యం కాకుండా వరసగా ముత్యాలే గుచ్చితే పట్టుదారం వాడి, ముత్యానికీ ముత్యానికీ నడుమ ముడి వెయ్యి. ఒకదానితో ఒకటి రాసుకోవు, దారం తెగినా అన్నీ రాలిపోవు. చెమట, సెంటు ముత్యానికి పడవు, తీసిన వెంటనే పొడిగుడ్డతో తుడువు. పాప నిద్రపోయేటప్పుడు దండ తీసెయ్యి.

చివరగా డబ్బు సంగతి. పెద్ద షోరూములో ట్యాగు మీదున్న ధర కిమ్మనకుండా ఇచ్చేస్తాం, మన్యం ఆడమనిషి ముందు మాత్రం పది రూపాయల కోసం బేరమాడతాం. అది న్యాయం కాదు. కొట్లో నీ పక్కన కూర్చుని కూర్చడం నేర్పిస్తే పూసల ధర వేరు, ఆమె పనికి కూలి వేరు. రెండూ ఇవ్వు. ఈ పూసలు ఎక్కడివి, ఈ రాయి ఎక్కడిది అని ప్రతి కొట్లోనూ అడుగు. జవాబు దొరకని రాయి ఎంత మెరిసినా పాప మెడలో వెయ్యకు.