నడిమి సంఖ్య దొరికితే లెక్క దారికొస్తుంది

బ్యాంకు ఉద్యోగాల కోచింగ్ అనగానే తెలుగునాట ముందుగా వినిపించే ఊళ్లలో నంద్యాల ఒకటి. దగ్గర్లోని పాణ్యం నుంచి హైవే మీద ఎంతో దూరం లేదు. డిగ్రీ పూర్తిచేసి నంద్యాల బస్సులెక్కే పిల్లలకు శాతాలు, వడ్డీలు, లాభనష్టాలు బాగానే వస్తాయి. సూత్రం గుర్తుంటే అవి నడిచిపోతాయి. చేయి ఆగేది మాటల్లో ఇచ్చిన లెక్క దగ్గర. “వరుసగా ఉన్న మూడు బేసి సంఖ్యల్లో...” అని ప్రశ్న మొదలవగానే వదిలేసి ముందుకు పోయేవాళ్లు ఎందరో. నిజానికి మార్కులు తేలిగ్గా వచ్చేది అక్కడే.

ఐబీపీఎస్ క్లర్క్ ప్రిలిమ్స్‌లో 35 లెక్కలకు ఇచ్చే సమయం 20 నిమిషాలు. అంటే ఒక్కోదానికి 34 సెకన్లు. తప్పు రాస్తే పావు మార్కు పోతుంది. రైల్వే గ్రూప్-డి పరీక్షలో 90 నిమిషాల్లో 100 ప్రశ్నలు చేయాలి, వాటిలో గణితం 25. అక్కడ తప్పుకు మార్కులో మూడో వంతు కోత. ఇంత బిగువులో బడిలో నేర్చిన పద్ధతి సరైనదే అయినా నిదానంగా సాగుతుంది.

బడిలో మొదటి సంఖ్యను ఎక్స్ అనుకోమంటారు. పోటీ పరీక్షలకు నడిమి సంఖ్యను ఎక్స్ అనుకోవడం మేలు. పాణ్యం రైల్వే స్టేషన్ ఉన్న ఊరు కాబట్టి బెర్తులతోనే చూద్దాం. స్లీపర్ బోగీలో ముగ్గురికి వరుస బెర్తులు వచ్చాయి, వాటి నంబర్ల మొత్తం 150. నడిమిది ఎక్స్ అయితే అటూ ఇటూ ఉన్నవి ఎక్స్ - 1, ఎక్స్ + 1. కూడితే ఆ ఒకట్లు రెండూ కొట్టుకుపోయి 3 ఎక్స్ = 150 మిగులుతుంది. నడిమి బెర్తు 50, మిగతావి 49, 51. స్లీపర్‌లో ఎనిమిదేసి బెర్తులు ఒక వరుస కాబట్టి 48 సైడ్ అప్పర్‌తో ఒక వరుస ముగుస్తుంది. 49 లోయర్, 50 మిడిల్, 51 అప్పర్. ముగ్గురూ ఒకే వైపు, ఒకరి మీద ఒకరు.

సరి, బేసి సంఖ్యలైతే ఒకటికి బదులు రెండు తేడా. చాలామంది జారేది ఇక్కడే. బేసి అనగానే ఎక్స్, ఎక్స్ + 1, ఎక్స్ + 3 అని రాసేస్తారు. ఎక్స్ బేసి అయితే ఎక్స్ + 1 సరి సంఖ్య అవుతుందన్న సంగతి తొందరలో తట్టదు. ఇచ్చిన సంఖ్యలు రెండు, నాలుగు ఇలా సరి లెక్కలో ఉంటే నడిమిది ఉండదు. అప్పుడు సగటు పట్టుకోవాలి. వరుసగా నాలుగు బేసి సంఖ్యల మొత్తం 80 అంటే సగటు 20. దానికి అటు 17, 19. ఇటు 21, 23. పెన్ను కూడా అక్కర్లేదు.

అసలు పరీక్ష వాక్యంలో ఉంటుంది. ఈ లెక్క చూడండి: “వరుసగా ఉన్న మూడు బేసి సంఖ్యల్లో చిన్నదానికి మూడు రెట్లు, పెద్దదానికి రెండు రెట్ల కన్నా 11 ఎక్కువ. నడిమి సంఖ్య ఎంత?” ఎక్కువ ఉన్నది చిన్నదాని మూడు రెట్లు. అంటే 11 కలపాల్సింది రెండో వైపు: 3(ఎక్స్ - 2) = 2(ఎక్స్ + 2) + 11. ఎక్స్ విలువ 21. చిన్నది 19, దాని మూడు రెట్లు 57. పెద్దది 23, దాని రెండు రెట్లు 46, పదకొండు కలిపితే 57. సరిపోయింది. ఇలాంటి ప్రశ్నకు ఆప్షన్లలో 19, 21, 23 మూడూ ఇస్తే అంతా సరిగ్గా చేసినవాళ్లు కూడా అడిగింది మరిచి 19 దగ్గర టిక్కు పెట్టే ప్రమాదముంది. కాబట్టి సమీకరణం రాయకముందే ప్రశ్నలో చివరి వాక్యం చదవాలి.

కొన్ని లెక్కల్లో సమీకరణమే అవసరం లేదు. మూడు వరుస సంఖ్యల మొత్తం ఎప్పుడూ మూడుతో భాగించబడుతుంది. రెండు వరుస సంఖ్యల వర్గాల తేడా ఆ రెండింటి మొత్తమే. తేడా 37 అంటే సంఖ్యలు 18, 19. లబ్ధం 306 అన్నా వర్గ సమీకరణం జోలికి పోనక్కర్లేదు. దాని వర్గమూలం 17కు, 18కి మధ్యలో ఉంటుంది కాబట్టి జవాబు ఆ రెండే.

మాటల లెక్కలు తెలుగువాళ్లకు కొత్తవేం కావు. మహావీరాచార్యుడు 9వ శతాబ్దంలో సంస్కృతంలో రాసిన గణిత సార సంగ్రహాన్ని తర్వాతి కాలంలో పావులూరి మల్లన తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. ఇప్పుడు రైల్వే గ్రూప్-డి, ఐబీపీఎస్ క్లర్క్ పరీక్షలు తెలుగులోనూ రాయవచ్చు. ఇంగ్లిష్ వాక్యం దగ్గర తడబడేవాళ్లు దరఖాస్తులోనే తెలుగు ఎంచుకోవాలి.

పాణ్యంలో ఉన్నా, ఆళ్లగడ్డలో ఉన్నా నోటిఫికేషన్ కోసం ఆగవద్దు. ఎనిమిదో తరగతి గణితంలో ఏకచరరాశిలో రేఖీయ సమీకరణాల పాఠం తీయండి. అందులోని వరుస సంఖ్యల లెక్కలన్నీ ఒకసారి నడిమి సంఖ్యతో చేసి, గడియారం పెట్టుకుని మళ్లీ చేయండి.