బిగువు – బిరుసు: ‘స్టిఫెన్’ క్రియకు తెలుగు పలుకుబడులు

ఆంగ్లంలో తరచుగా వినిపించే క్రియలలో ‘స్టిఫెన్’ ఒకటి. వంగని, సులభంగా కదలని స్థితిని తెలిపే ‘స్టిఫ్’ అనే విశేషణానికి ‘ఎన్’ అనే ప్రత్యయం చేరగా ఈ క్రియ ఏర్పడింది. ‘వీక్’ నుండి ‘వీకెన్’, ‘డార్క్’ నుండి ‘డార్కెన్’ పుట్టినవి కూడా ఇట్లే. ‘గట్టిపడు, బిగుసుకొను’ అనేవి దీనికి సాధారణార్థాలు. అయితే వీటినే పట్టుకొని అన్ని వాక్యాలనూ అనువదించబూనితే తెలుగు తెలుగుగా నిలువదు.

మొదటి భేదం వ్యాకరణానికి సంబంధించినది. కండరం తనంత తాను బిగుసుకొన్నా, గంజి వస్త్రాన్ని బిరుసుగా చేసినా ఆంగ్లంలో క్రియారూపం ఒక్కటే. తెలుగులో అకర్మక, సకర్మకాలకు వేర్వేరు రూపాలున్నాయి: గట్టిపడు – గట్టిపరచు, బిగియు – బిగించు. కాబట్టి వాక్యంలో కర్మ ఉన్నదో లేదో అనువాదకుడు ముందుగా గుర్తించాలి.

రెండవ భేదం వస్తువును బట్టి ఏర్పడుతుంది. గంజి పెట్టి ఆరవేసిన నూలుచీర బిరుసెక్కుతుంది. తడిసి ఎండిన తోలుచెప్పు గట్టిపడుతుంది. చలికి వేళ్లు కొంకర్లు పోతాయి. పామును చూసినవాడు భయంతో కొయ్యబారిపోతాడు. వీటిలో ఒకదాని స్థానంలో మరొకటి చేరిస్తే వాక్యం కృతకమవుతుంది.

వైద్యవిషయంలో ఈ వివేకం మరింత అవసరం. ధనుర్వాతంలో తరచుగా మొదట దవడలు బిగుసుకొంటాయి. వ్యాధి ముదిరితే వెన్ను విల్లువలె వంగుతుంది. ధనుస్సు అంటే విల్లు. ఆ పేరులోనే లక్షణం ఇమిడి ఉన్నది. నిద్రలో మెడ ఒరిగి నొప్పి పుడితే ‘మెడ పట్టింది’ అంటాం. తీవ్రజ్వరంతోపాటు గడ్డం రొమ్ముకు ఆననంతగా మెడ బిగుసుకొంటే అది మెదడు పొరల వాపునకు సూచన కావచ్చు. వైద్యునికి రోగి మాటను వినిపించే వ్యక్తి ‘మెడనొప్పి’ అని సరిపెడితే అతి ముఖ్యమైన లక్షణమే మరుగున పడుతుంది.

మూడవ భేదం భావానికి సంబంధించినది. 2012 డిసెంబరులో ఢిల్లీలో జరిగిన సామూహిక అత్యాచార ఘటన అనంతరం, 2013లో పార్లమెంటు నేరచట్టాలను సవరించింది. ఆ సందర్భంలో ‘శిక్షలను కఠినతరం చేసింది’ అనడం సముచితం. ‘శిక్షలను బిగించింది’ అనడం అసంగతం. అట్లే ప్రతిఘటన తీవ్రమవుతుంది, నిబంధనలు కఠినమవుతాయి.

మనుష్యుల వైఖరిని చెప్పేటప్పుడు మరొక చిక్కు కలదు. సమ్మె చేస్తున్న కార్మికుల వైఖరి మరింత దృఢమైందని ఆంగ్లపత్రిక ఈ క్రియతో వ్రాసిందనుకొందాం. ‘కార్మికులు పట్టు బిగించారు’ అంటే వారి దీక్ష స్ఫురిస్తుంది. ‘మొండికేశారు’ అంటే నింద ధ్వనిస్తుంది. మూలంలో లేని తీర్పు అనువాదంలో చేరిపోతుంది. ఒక్క క్రియ ఎంపికతో పాఠకుడు ఒక పక్షం వైపు మొగ్గవచ్చు. అందువల్ల పదానికి అర్థం తెలిసినంతమాత్రాన చాలదు. ఎవరిని గురించి, ఏ సందర్భంలో ప్రయోగిస్తున్నామో ఎరిగి వాడడమే భాషాజ్ఞానం.

అభ్యాసం
1. బిరుసెక్కు, కొంకర్లు పోవు, కొయ్యబారు – వీటిని సొంతవాక్యాలలో ప్రయోగించండి.
2. ‘పట్టు బిగించు’, ‘మొండికేయు’ – వీటి అర్థభేదాన్ని సోదాహరణంగా వివరించండి.
3. అకర్మక, సకర్మక క్రియల జంటలను మరో మూడింటిని వ్రాయండి.