వేపాకు, వావిలాకు – నీళ్ల సీసా నేర్పిన పాఠం



బియ్యంలో ముక్కుపురుగు, మంచంలో నల్లి మన హాస్టల్ వాళ్లకు కొత్త కాదు. కరీంనగర్, ఆదిలాబాద్ పల్లెల్లో మా అమ్మమ్మలు గింజల గుమ్మిలో యాపాకు, వాయిలాకు వేసేవారు. ఎం.ఎస్సీ.లో చేరాక మేం నలుగురు మిత్రులం ఆ అలవాటును పరీక్షించాలనుకున్నాం. మా ఇళ్లలో డిగ్రీ చదివిన మొదటివాళ్లం మేమే. మా పెద్దల తెలివి నిజమని రుజువు చేయాలని ఎంతో ఆత్రం.

ఎలా చేశాం?

ఆకులను నీడలో ఆరబెట్టి పొడి చేశాం. 10 గ్రాముల పొడిని 100 మిల్లీలీటర్ల నీటిలో రాత్రంతా నానబెట్టి వడగట్టాం. అందులో వడపోత కాగితాన్ని ముంచి, ఆరబెట్టి, సీసాలో పరిచాం. 20 ముక్కుపురుగులను వదిలి, మూతికి పలుచని గుడ్డ కట్టాం.

మర్నాటికి కొన్ని చచ్చాయి. మా సంబరం ఇంతా అంతా కాదు. మా సార్ ఒక్కటే అడిగారు: "ఉత్త నీళ్లలో ముంచిన కాగితం పెట్టిన సీసా ఏదిరా?"

మా దగ్గర అది లేదు. మళ్లీ మొదలుపెట్టాం. ఈసారి నీళ్ల సీసాలోనూ పురుగులు చచ్చాయి! వేడికో, ఆకలికో, మేం పట్టుకున్నప్పుడు నలిగో చచ్చినవి అవి. మొదటిసారి వాటిని కూడా ఆకు ఖాతాలో వేసుకున్నామన్నమాట.

లెక్క ఎలా కట్టాలి?

దీనికి 1925లో అబాట్ అనే శాస్త్రవేత్త ఒక సూత్రం ఇచ్చాడు. ఉదాహరణకు మందు సీసాలో 20కి 11 చస్తే 55 శాతం. నీళ్ల సీసాలో 2 చస్తే 10 శాతం. 55లోంచి 10 తీసేస్తే 45. దాన్ని 90తో భాగించి 100తో గుణిస్తే 50 శాతం. అదే మందు అసలు బలం. నీళ్ల సీసాలో చావులు 20 శాతం దాటితే ఆ ప్రయోగం పనికిరాదు, మళ్లీ చేయాలి.

చావు ఒక్కటే కొలత కాదు

వేపలోని అజాడిరాక్టిన్ పురుగును వెంటనే చంపదు. తిండి మాన్పిస్తుంది, పిల్లపురుగు కుబుసం విడవకుండా అడ్డుపడుతుంది. ఇది ఆకులో కంటే గింజలో ఎక్కువ. ఎండ తగిలితే త్వరగా చెడిపోతుంది. అందుకే నెల, నెలన్నర ఆగి కొత్త పురుగులు ఎన్ని పుట్టాయో కూడా లెక్కించాలి. ఆకులను నీడలో ఆరబెట్టాలని పెద్దలు ఎందుకు చెప్పారో మాకు అప్పుడు అర్థమైంది.

జాగ్రత్త! చెట్టు మందైనా మందే. పేలకు వాడే సీతాఫలం గింజల పొడి కంట్లో పడితే కన్ను దెబ్బతింటుంది.

వేపనూనెతో బూజు తెగుళ్లను అరికట్టే పద్ధతిపై ఇచ్చిన పేటెంటును యూరోపియన్ పేటెంట్ కార్యాలయం 2000లో రద్దు చేసింది. 2005లో అప్పీలునూ కొట్టివేసింది. అది భారతదేశంలో ముందునుంచే వాడుకలో ఉందన్న సాక్ష్యం అక్కడ నిలబడింది. కాబట్టి అమ్మమ్మ మాటను గౌరవించడమంటే గుడ్డిగా నమ్మడం కాదు. పరీక్షించి, లెక్క రాసి పెట్టడం. మీరూ ఒక నోటుబుక్కు తెరవండి. మొదటి సీసా మాత్రం నీళ్లదే పెట్టండి!