బృందంగా షార్ట్ ఫిల్మ్ తీస్తున్నారా? షూటింగుకు ముందే తేల్చుకోవలసిన ప్రశ్నలు

ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో చదువుకుంటూ కలిసి షార్ట్ ఫిల్మ్ తీసే విద్యార్థులు తరచూ అడిగే ప్రశ్నలకు సమాధానాలివి. ఇక్కడ ‘చిత్రం’ అంటే ఆ షార్ట్ ఫిల్మ్. ‘బృందం’ అంటే దాన్ని తీసిన విద్యార్థులు. ‘ఒప్పందపత్రం’ అంటే బృందంలోని సభ్యులందరూ సంతకం చేసిన రాతపూర్వక ఒప్పందం. ‘చట్టం’ అంటే 1957 నాటి కాపీరైట్ చట్టం. ఇది సాధారణ సమాచారం మాత్రమే. వివాదం ఇప్పటికే మొదలై ఉంటే, మీ కాగితాలు చూసిన న్యాయవాది సలహా మేరకే నడుచుకోవాలి.

1. చిత్రం అందరం కలిసి తీశాం. హక్కు అందరిదీ కాదా?

చట్టం అలా చెప్పదు. సెక్షన్ 2(డి) ప్రకారం సినిమాకు కర్త నిర్మాత. సెక్షన్ 2(యుయు) ప్రకారం నిర్మాత అంటే చిత్రం తీయడానికి చొరవ తీసుకుని, బాధ్యత వహించిన వ్యక్తి. డబ్బు పెట్టడం మంచి ఆధారమే గానీ, అదొక్కటే తేల్చదు. ఆరుగురు తలా రెండు వేలు వేసుకున్నారనుకుందాం. కెమెరా అద్దె రసీదు, లొకేషన్ అనుమతి, లైట్లకిచ్చిన అడ్వాన్సు అన్నీ ఒక్కరి పేరు మీదే ఉంటే, ‘నేనే నిర్మాతను’ అనే వాదనకు బలం ఆ ఒక్కరికే ఎక్కువ.

చిత్రం విషయంలో దర్శకుడు, కెమెరామన్, ఎడిటర్ చట్టం దృష్టిలో కర్తలు కారు. ఈ మాట దర్శకులకు రుచించదు, కానీ చట్టం అదే.

ఫిల్మ్ క్లబ్ పేరుతో తీస్తే సరిపోతుందనుకోవడమూ పొరపాటే. రిజిస్టర్ కాని క్లబ్బుకు న్యాయపరంగా విడిగా వ్యక్తిత్వం లేదు కాబట్టి, దాని పేరు మీద హక్కు నిలవదు.

అందరినీ సహ నిర్మాతలుగా రాసుకోవచ్చు. అయితే సహ యజమానుల్లో ఒకరు మాత్రమే సంతకం పెట్టి బయటివారికి హక్కు ఇస్తే, అది చెల్లకపోవచ్చు. ఒకరు విదేశానికి వెళ్ళి ఫోన్ ఎత్తకపోతే చిత్రం ఆగిపోతుంది. అందుకే ఒకరిని లేదా ఇద్దరిని నిర్మాతగా పెట్టి, మిగతా సభ్యులకు ఆదాయంలో వాటా, క్రెడిట్ ఒప్పందపత్రంలో రాసివ్వడం మేలని నా సలహా.

2. కథ, స్క్రిప్టు కూడా నిర్మాతవే అవుతాయా?

కావు. సెక్షన్ 13(4) ప్రకారం చిత్రంపై హక్కు వేరు, చిత్రానికి ఆధారమైన రచనపై హక్కు వేరు. సత్యజిత్ రాయ్ తీసిన ‘నాయక్’ (1966) స్క్రీన్‌ప్లేను నవలగా ప్రచురిస్తే నిర్మాత పక్షం కోర్టుకెక్కింది. ఆ స్క్రీన్‌ప్లేపై హక్కు రాయ్‌దేనని, నిర్మాతది కాదని 2023లో ఢిల్లీ హైకోర్టు తేల్చింది. రచయిత ఉద్యోగిగా రాసినప్పుడు ఫలితం వేరుగా ఉండవచ్చు. స్నేహితుడి కోసం రాసిన స్క్రిప్టుకు ఆ మినహాయింపు వర్తించదు.

3. ఒప్పందపత్రంలో తప్పక ఉండవలసినవి ఏవి?

నిర్మాత ఎవరో, ఎవరికి ఏ క్రెడిట్టో, ఖర్చూ ఆదాయమూ ఎలా పంచుకుంటారో, ఫుటేజీ ఎవరి దగ్గర ఉంటుందో, సభ్యుడు మధ్యలో తప్పుకుంటే ఏమవుతుందో రాయాలి. రచయిత, సంగీతం చేసినవారు తమ హక్కులను నిర్మాతకు బదిలీ చేస్తే ఆ బదిలీ రాతపూర్వకంగా, సంతకంతో ఉండాలి. వాట్సాప్‌లో ‘ఓకే రా’ అన్నదాన్ని నమ్ముకోవద్దు.

మూడు విషయాలు రాయకపోతే సెక్షన్ 19 తానే పూరిస్తుంది. కాలవ్యవధి రాయకపోతే బదిలీ అయిదేళ్ళకే. ప్రాంతం రాయకపోతే భారతదేశానికే. వేరుగా రాసుకోనంతవరకు, బదిలీ పొందినవారు ఏడాదిలోగా ఆ హక్కును వాడుకోకపోతే బదిలీ రద్దయినట్టే. ఏడాదిన్నర ఎడిటింగులోనే నానే చిత్రాలు ఎన్నో ఉంటాయి కాబట్టి, ఈ మూడో నియమం విద్యార్థులకు అన్నిటికన్నా ప్రమాదకరం.

గీత రచయిత, స్వరకర్త వంటివారికి సెక్షన్ 18 ఇచ్చిన రాయల్టీ వాటాను వదులుకుంటున్నట్టు రాయించుకున్నా చెల్లదు.

నోటరీ తప్పనిసరి కాదు. స్టాంపు సుంకం చెల్లించని పత్రాన్ని కోర్టు సాక్ష్యంగా తీసుకోవడంలో చిక్కులు రావచ్చు. సుంకం రాష్ట్రాన్ని బట్టి మారుతుంది కనుక ముందే విచారించుకోవాలి.

4. మేం పాలిటెక్నిక్ మొదటి ఏడాది. పదహారేళ్ళవాళ్ళం సంతకం పెట్టవచ్చా?

18 ఏళ్ళు నిండనివారు ఒప్పందానికి అర్హులు కారు. వారు చేసుకున్న ఒప్పందం చెల్లదు. 1872 కాంట్రాక్టు చట్టం సెక్షన్ 11 సారాంశం ఇది. వారి తరఫున తల్లి, తండ్రి లేదా సంరక్షకులు సంతకం చేయాలి. మేజరయ్యాక వారితో కొత్తగా మరో ఒప్పందపత్రం రాయించుకోవడం క్షేమం.

5. అచ్చయిన కథను తీసుకోవచ్చా?

రచయిత మరణించిన సంవత్సరం మరుసటి జనవరి 1 నుంచి 60 ఏళ్ళు గడిస్తే తీసుకోవచ్చు. గురజాడ 1915లో, శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రి 1961లో కన్నుమూశారు కాబట్టి, వారి కథలకు అనుమతి అక్కర్లేదు. చలం 1979లో పోయారు. ఆయన రచనల గడువు 2039 డిసెంబర్ 31 దాకా ఉంది. అప్పటిదాకా హక్కుదారుల రాతపూర్వక అనుమతి కావాలి. ప్రచురణకర్త చెప్పిన ‘సరే’ చాలదు, హక్కు ఎవరిదో ముందు తేల్చుకోవాలి. గడువు తీరిన కథకు కూడా ఇటీవలి అనువాదమో నాటకీకరణో ఉంటే దానిపై హక్కు వేరు.

6. పాట ముప్ఫై సెకన్లలోపు వాడుకుంటే ఇబ్బంది లేదంటారు. నిజమేనా?

నిజం కాదు. చట్టంలో అలాంటి సెకన్ల లెక్కే లేదు. పైగా ఒక పాటలో కనీసం రెండు రకాల హక్కులు ఉంటాయి. రికార్డింగుపై హక్కు ఒకటి, సాహిత్యం, బాణీలపై హక్కు ఇంకొకటి. పాటను మీ గాయనితో కొత్తగా పాడించినా రెండో రకం హక్కు అలాగే ఉంటుంది.

త్యాగరాజ కీర్తన ఎవరైనా పాడుకోవచ్చు. అయితే నేటి విద్వాంసులు పాడిన రికార్డింగును అనుమతి లేకుండా తీసుకోకూడదు.

‘టీ కొట్టు సీన్లో రేడియో దానంతట అదే మోగింది’ అనే సమర్థన మీద ఆధారపడవద్దు. సెక్షన్ 52(1)(యు)లోని మినహాయింపు బహిరంగ ప్రదేశంలో శాశ్వతంగా ఉన్న, లేదా నేపథ్యంలో యాదృచ్ఛికంగా కనిపించిన కళాకృతులకే. గోడ మీది చిత్తరువుకు అది వర్తించవచ్చు, రేడియోలోని పాటకు వర్తించదు. కాబట్టి రేడియో ఆపించి, డైలాగు తీసుకుని, శబ్దాన్ని తర్వాత కలపండి.

క్రియేటివ్ కామన్స్ సంగీతం వాడితే షరతులు చదవాలి. ‘మార్పులు నిషిద్ధం’ అనే షరతున్న ట్రాకును దృశ్యానికి జతచేయడం మార్పు కిందికే వస్తుంది.

7. షూటింగుకు ఎవరి అనుమతి కావాలి?

ప్రైవేటు ఇంటికి యజమాని రాతపూర్వక సమ్మతి కావాలి. అద్దెకున్నవారి మాట ఒక్కటీ చాలకపోవచ్చు. రోడ్డు మీద తీయాలంటే స్థానిక పోలీసుల అనుమతి తీసుకోండి. గోల్కొండ, చార్మినార్ భారత పురావస్తు సర్వేక్షణ శాఖ రక్షణలో ఉన్నాయి. అక్కడ చిత్రీకరణకు ఆ శాఖ లైసెన్సు కావాలి. టికెట్టు కొని మొబైల్‌తో తీశామన్నది జవాబు కాదు. రైలు పట్టాల మీద అనుమతి లేకుండా తీస్తే 1989 రైల్వే చట్టం సెక్షన్ 147 కింద ఆరు నెలల వరకు జైలు, లేదా వెయ్యి రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. ప్రాణానికి ముప్పు సరేసరి.

పోలీసు వేషం వేసిన నటుడు షాట్ల మధ్య అదే యూనిఫాంతో రోడ్డు దాటి టీ తాగడానికి వెళ్ళకూడదు. మోసపు ఉద్దేశం లేకపోతే నేరం కాకపోవచ్చు. కానీ ఆ ఉద్దేశం లేదని స్టేషన్లో కూర్చుని వివరించుకోవలసిన అవసరం ఎందుకు?

8. చిన్న పిల్లలు, జంతువులు ఉంటే?

14 ఏళ్ళలోపు పిల్లలు నటిస్తే బాల కార్మిక నిషేధ చట్టం నియమాలు చూడాలి. చిత్రీకరణ జరిగే జిల్లా మేజిస్ట్రేట్, అంటే మన దగ్గర కలెక్టర్, ముందస్తు అనుమతి ఇవ్వాలి. నిర్ణీత ఫారంలో హామీపత్రం, తల్లిదండ్రుల సమ్మతి జతచేయాలి. రోజుకు అయిదు గంటలకు మించి, విరామం లేకుండా మూడు గంటలకు మించి పనిచేయించకూడదు. చిత్రానికి లాభాపేక్ష లేదు కనుక ఇవేవీ వర్తించవని అనుకోవద్దు. జంతువులను వాడాలంటే భారత జంతు సంక్షేమ మండలి అనుమతి ముందే తీసుకోవాలి.

9. కాలేజీ కెమెరాతో తీశాం. చిత్రం కాలేజీది అవుతుందా?

కెమెరా ఇచ్చినంత మాత్రాన కాదు. కానీ ప్రాజెక్టు నియమావళి, అడ్మిషన్ సమయంలో మీరు సంతకం చేసిన పత్రం చదవాలి. కొన్ని ఫిల్మ్ విద్యాసంస్థల్లో డిప్లొమా చిత్రాలపై హక్కు సంస్థదే.

10. సెన్సార్ సర్టిఫికెట్ కావాలా?

బహిరంగంగా ప్రదర్శించాలంటే 1952 సినిమాటోగ్రాఫ్ చట్టం ప్రకారం కావాలి. ప్రదర్శన ఉచితమైనా థియేటర్లో వేస్తే ఇదే నియమం. దరఖాస్తు ‘ఈ-సినీప్రమాణ్’ పోర్టల్లో చేయాలి, ప్రాంతీయ కార్యాలయం హైదరాబాద్‌లో ఉంది. చలనచిత్రోత్సవాలకు కేంద్ర సమాచార ప్రసార శాఖ మినహాయింపు ఇవ్వవచ్చు. దాన్ని నిర్వాహకులు తీసుకున్నారో లేదో అడిగి తెలుసుకోండి. యూట్యూబ్‌కు ఈ సర్టిఫికెట్ అక్కర్లేదు. అయితే అక్కడ ముందే పెట్టిన చిత్రాన్ని కొన్ని ఉత్సవాలు తీసుకోవు.

11. యూట్యూబ్‌లో క్లెయిమ్ వచ్చింది. ఏం చేయాలి?

ముందు అది క్లెయిమా, స్ట్రైకా చూడండి. క్లెయిముపై మీరు అభ్యంతరం పెడితే అవతలివారికి 30 రోజుల గడువు ఉంటుంది. స్ట్రైక్ 90 రోజులు నిలుస్తుంది, మూడు పడితే ఛానెల్ పోవచ్చు. స్ట్రైకుపై ప్రతినోటీసు (కౌంటర్ నోటిఫికేషన్) ఇస్తే, అవతలివారు పది అమెరికా పనిదినాల్లో కోర్టుకు వెళ్ళినట్టు ఆధారం చూపాలి. ఈ నియమాలు మారవచ్చు, చర్యకు ముందు సరిచూసుకోండి. ప్రతినోటీసులో అబద్ధం రాయకండి. ‘చదువు కోసం తీశాం’ అన్న ఒక్క వాక్యం హక్కు కాదు. అనుమతి పత్రం ఉంటేనే అభ్యంతరం పెట్టండి.

12. ఎడిటర్ అలిగి హార్డ్ డిస్కుతో వెళ్ళిపోయాడు. మా దారేది?

డిస్కు ఎడిటర్ సొంతమైతే డిస్కును అడగలేరు, అందులోని ఫుటేజీని అడగవచ్చు. ఫుటేజీ చేతిలో ఉన్నంత మాత్రాన చిత్రంపై హక్కు రాదు. అయితే క్రెడిట్ విషయం ఎడిటర్ లేవనెత్తితే ఒప్పందపత్రం చూడండి. రచయితకు సెక్షన్ 57, నటులకు సెక్షన్ 38బి రక్షణ ఇస్తున్నాయి. ఎడిటర్‌కు, కెమెరామన్‌కు అలాంటి స్పష్టమైన రక్షణ లేదు, వారి క్రెడిట్‌కు ఒప్పందపత్రమే ఆధారం.

తేదీ వేసి, గడువు పెట్టి, ఈమెయిల్‌లో ఫుటేజీ అడగండి. స్పందన లేకపోతే న్యాయవాది ద్వారా నోటీసు పంపండి. అనుమతి లేకుండా చిత్రాన్ని విడుదల చేస్తే, సెక్షన్ 62 ప్రకారం నిర్మాత తాను నివసించే చోటి జిల్లా కోర్టులోనే దావా వేయవచ్చు. కాపీరైట్ రిజిస్ట్రేషన్ లేకపోయినా దావా వేయవచ్చు గానీ, ఉంటే ప్రాథమిక సాక్ష్యంగా పనికొస్తుంది. చిత్రానికి రుసుము ₹5,000, స్క్రిప్టుకు ₹500. పరిహారం కోరే దావాకు గడువు ఉల్లంఘన జరిగిన తేదీ నుంచి మూడేళ్ళు. పరీక్షలు, ప్లేస్‌మెంట్లు అయ్యాక చూద్దామని ఊరుకుంటే ఆ గడువు మీ కోసం ఆగదు.