పాత చిన్న కారు – ఇంజను వేడి

జ్వరము స్వయముగా వ్యాధి కాదు. లోపలి వ్యాధికి సూచన. మోటారు ఇంజను విషయములోను అంతే. వేడిముల్లు పైకి లేచినపుడు దానిని చూచి బెదరుట గాని, చూడనట్లు నటించుట గాని తగదు. కారణమును వెదకవలెను.

1983 డిసెంబరులో ప్రజల చేతికి వచ్చిన మారుతి 800 కారు తయారీ 2014 జనవరిలో ముగిసినది. దాని ఇంజను 796 సి.సి. సామర్థ్యము గలది, సిలిండర్లు మూడు, పైనుండు హెడ్ అల్యూమినియముది. పెట్రోలు మండగా పుట్టు వేడిలో చాలభాగము బండిని నడుపుటకు ఉపయోగపడదు. కొంత పొగగొట్టము ద్వారా పోవును. కొంత ఇంజను చుట్టును తిరుగు నీటి ద్వారా రేడియేటరుకు చేరి, గాలిలో కలియును. నీటిని త్రిప్పునది వాటర్ పంపు. ఇంజను వేడెక్కువరకు నీటిని రేడియేటరుకు పోనీయక ఆపునది థర్మోస్టాట్. బండి నిలిచియున్నపుడు గాలిని లాగునది కరెంటు ఫ్యాను. వీనిలో ఏ ఒక్కటి పని మానినను వేడి పెరుగును.

ఒక వేసవిలో మేము ఇట్టి పాత కారులో ప్రయాణించుచు, ముల్లు ఎర్రగీతను తాకినను, “మీటరు చెడినదేమో” అని తలచి మరి కొంతదూరము పోయితిమి. బెల్టు తెగి పంపు ఆగినదని పిమ్మట తెలిసినది. అప్పటికే హెడ్ వంగి, గాస్కెట్ కాలిపోయెను. చిన్న బెల్టుతో పోవలసినది ఇంజను విప్పువరకు వచ్చినది. ఆ నష్టము మాకు నేర్పిన పాఠమే ఈ వ్యాసము.

ముల్లు పైకి లేచినచో చేయవలసినవి:

1. బండిని ప్రక్కకు తీసి ఇంజను ఆపవలెను.

2. రేడియేటరు మూతను వెంటనే తెరువరాదు. లోపలి నీరు ఒత్తిడిచే 100 డిగ్రీలు దాటియు మరుగక యుండును. మూత తీసిన క్షణమే ఆవిరియై ముఖముపైకి చిమ్మును. పూర్తిగా చల్లారిన పిదపనే గుడ్డతో పట్టి మెల్లగా త్రిప్పవలెను.

3. కాలిన ఇంజనులో చన్నీరు పోయరాదు. హెడ్ పగులును.

4. బెల్టు, గొట్టములు, ఫ్యాను వైరు, ఫ్యూజు వరుసగా చూడవలెను.

డిప్‌స్టిక్‌పై ఆయిలు పాలవలె తెల్లబడినను, ఇంజను వేడెక్కిన పిదపకూడ పొగగొట్టమునుండి తెల్లని ఆవిరి ఆగక వచ్చినను గాస్కెట్ చెడినదని అనుమానించి, బండి నడపక మెకానిక్కుకు చూపవలెను.

మన ప్రాంతములలో బోరునీరు చాలచోట్ల ఉప్పునీరు. టీ కాచు గిన్నెలో పేరుకొను తెల్లని పొరయే రేడియేటరు సన్నని గొట్టములలోను పేరుకొనును. కావున కూలెంటును డిస్టిల్డ్ వాటరుతో కలిపి పోయుట మేలు. ప్రతి ఉదయమును బండి చల్లగా నున్నపుడు నీటిని, ఆయిలును చూచుటకు రెండు నిమిషములు చాలును. ఆ రెండు నిమిషములను పొదుపు చేయబోయి మేము ఇంజనునే పోగొట్టుకొనబోతిమి. విద్యార్థులైన మీరు ఆ మూల్యము చెల్లింపకయే పాఠము గ్రహింతురు గాక!